రెండో పేరుకు గడి లేదు

నా పేరు చెబితే చాలు, మంచిర్యాలలో ఏ వకీలైనా లేచి కుర్చీ వేస్తాడు. కాబట్టి వకీలు కుమారస్వామి గురించి నేను చెప్పేది నమ్మవచ్చు.

ఆయన బీరువాలో ఫైలు వెతకడం కంటే గోదావరిలో జారిన ముక్కుపుల్లను వెతకడం సులువు. ఒక కేసు కాగితాల్లో ఎలుక పిల్లల్ని పెడితే, అవి పెద్దవై వెళ్ళిపోయేదాకా వాయిదాలు అడిగిన ఘనుడు.

ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ కొందామనుకున్నాడు.

మొదట కరీంనగర్ నుంచి నిఖిత అనే అమ్మాయి తన సాఫ్ట్‌వేర్ తెచ్చి చూపించింది. అందులో ప్రతి మనిషి పేరు పక్కన 'ఇంకో పేరు' అని ఒక గడి ఉంది.

అదెందుకన్నాడు. బొగ్గుబాయి కేసుల్లో పనికొస్తుందని ఆమె చెప్పబోయింది.

"రెండు పేర్లు దొంగలకుంటయమ్మా. ఇది వకీలాఫీసు, ఠాణా కాదు."

అన్నవాడి బీరువాలోనే భూమవ్వ కేసు మూడేళ్ళుగా మూలుగుతోంది.

ఆమె పెనిమిటి కొమురయ్య, అప్పట్లో చాలామంది చేసినట్టే, కొలువు కోసం రాములు అనే వేరే పేరుతో బాయిలో దిగాడు. ఆ పేరుతోనే పోయాడు. కొమురయ్య, రాములు ఒక్కడేనని తోటి కార్మికుడు సాక్ష్యం చెబితేనే భూమవ్వకు పింఛన్. హాజరుపట్టీలో పక్క పేరు దేవదాస్. ఆ దేవదాస్ జాడే దొరకలేదు.

నిఖితను సాగనంపి, కుమారస్వామి రెండో సాఫ్ట్‌వేర్ కొన్నాడు. దాన్ని తెరిచినప్పుడల్లా నల్లకోటులో ఆయన ఫొటో మెరుస్తుంది. ఇంకే గుణం చూసి కొన్నాడో కొండగట్టు ఆంజనేయుడికే తెలియాలి.

అమ్మినవాడు అనిల్ కుమార్. అతను అది ఎలా వాడాలో నేర్పుతున్న రోజున, ఎడమకాలు ఈడ్చుకుంటూ ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు.

ఏ పని మీద వచ్చాడో చెప్పేలోపే పేరు అడిగారు. రాయమల్లు అన్నాడు. అనిల్ కుమార్ కొట్టి చూశాడు. 'ఈ పేరుతో ఎవరూ లేరు' అని పడింది.

"గది ఇంట్ల పేరు సారూ. బాయిల పేరు వేరే. గా పేరు యాడ కొడ్తరు?"

దానికి గడి లేదన్నాడు అనిల్ కుమార్. ఒక మనిషి, ఒక పేరు, ఒక నంబర్.

"మిషిన్ల లేనోనికి నాతోని పనేంది?" అన్నాడు కుమారస్వామి, తన ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "పో పెద్దమనిషీ, జర తొవ్వ ఇడువు."

కూర్చోమని కూడా అనలేదు. ముసలాయన కాలు ఈడ్చుకుంటూనే దిగిపోయాడు.

వారం తిరగకముందే భూమవ్వ తన కాగితాలు వాపసు తీసుకుంది. సాక్షి లేని కేసు, ఎవరికి ఇచ్చుకుంటావో ఇచ్చుకొమ్మని కుమారస్వామి నవ్వాడు. ఆమె లిడియా అనే కొత్త వకీలు దగ్గరికి పోయింది. నిఖిత సాఫ్ట్‌వేర్ కొన్నది ఆ లిడియానే.

విచారణ నాడు కుమారస్వామి వేరే కేసులో వాయిదా అడగడానికి వెనక వరుసలో కూర్చున్నాడు. బోనెక్కిన సాక్షిని పేరు అడిగారు.

"ఇంట్ల రాయమల్లు. బాయిల దేవదాస్."

కుమారస్వామి తల పైకెత్తాడు. లిడియా కంప్యూటర్‌లో రాయమల్లు పక్కన 'ఇంకో పేరు' గడిలో దేవదాస్ అని ఎప్పుడో ఎక్కింది. అప్పటికి ఆయన చేతిలో ఆ కేసు లేదు.

భూమవ్వకు పింఛన్ వస్తోంది. ఆయన కంప్యూటర్‌లో మాత్రం ఫొటో మెరిశాక, దేవదాస్ పేరు ఎదురుగా 'జాడ లేదు' అనే ఉంది.

మొదట చెప్పిన కుర్చీ సంగతి ఉత్త కోత, లేచి వేసినవాడు ఒక్కడూ లేడు. ఎలుక పిల్లల సంగతి నిజమే.

ఆ కోత పోను, కథలో నేను కల్పించింది ఆ ఈడ్చే కాలు ఒక్కటే: నా కాళ్ళు రెండూ ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.