మూడో నెంబరు

ఆదివారం ఆరాధన కాగానే చర్చి వరండాలో నిలబడి, కాలేజీల బాస్కెట్‌బాల్ జట్లలో ఏది ఎన్నో నెంబరో చెప్పడం రిఫరీ అహరోనుకు అలవాటు. సీజను సగానికొచ్చింది. కాని విద్యార్థుల ఊరేగింపుపై కాల్పులు జరిగాక రంగూనులో కాలేజీలన్నీ మూసేశారు. ఇవాళ ఆయన్ని ఎవరూ అడగలేదు.

గ్రేసమ్మ ఒక్కతే అడిగింది. ఆమె కొడుకు ఒక జట్టుకు కెప్టెను. ఆ ఊరేగింపుకి వెళ్లినవాడు ఇంకా ఇంటికి రాలేదు. నది దాటి దలాలో దాక్కున్నాడని, పడవలు ఆగిపోయి రాలేకపోతున్నాడని ఆమె అందరికీ చెబుతోంది.

"ఏటన్నయ్యా, నెంబర్లు సెప్పవేటి? మావోడి టీము ఎన్నోది?"

"ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ?"

"మల్లీ మూడే అంటావు, నాకు తెల్దేటి! ఆడొచ్చేక నీ పని సెప్తాడు."

ప్రతివారం ఇదే గొడవ. డిఫెన్సు లేదు, మూడే అంటాడాయన. ఆమె ఎంత పోట్లాడినా మాట మార్చడు. సొంత మేనల్లుడి జట్టునే ఆఖర్న పెట్టిన మనిషి.



"మీవోడిదే ఫస్టమ్మా," అన్నాడు అహరోను.

గ్రేసమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఆయన మోచేతి మడతలో దూది ఇంకా అతుక్కునే ఉంది. కాల్పుల్లో గాయపడ్డ పిల్లలకు రక్తమివ్వడానికి ఆయన నిన్న ఆసుపత్రికి వెళ్లాడు. పోయినవాళ్లనీ అక్కడికే తెచ్చారు.

ఆమె ఆయన చొక్కా పట్టుకుంది.

"మూడని సెప్పన్నయ్యా. ఎప్పట్లాగే మూడని సెప్పు."