స్టాఫు కొలతలు

"గుడ్డ ఏదైనా ఫరవాలేదు మాస్టారూ, మా స్టాఫుని చూడగానే ఇది పెద్ద కంపెనీ అనిపించాలి!"

దర్జీ కొట్లోకొచ్చి కుర్చీలో కూర్చోకముందే ఆవిడ హుకుం జారీ చేసింది. వెనకాలే సంచీ మోసుకుంటూ భర్త వచ్చాడు.

కంపెనీ ఆవిడది. ఏసీలు బాగుచేస్తారు. సోమవారం ఒక పెద్ద హోటల్ వాళ్లు ఆఫీసు చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే హోటల్లో ఏసీలన్నీ వీళ్ల చేతికే.

"నచ్చకపోతే ఆఫీసుకి తాళం వేసుకోవడమే," అంది ఆవిడ. అంత గడుసు గొంతూ ఆ మాట దగ్గర కాస్త తగ్గింది.

దర్జీ గబగబా నీలం గుడ్డ పరిచాడు. "అందరికీ ఒకే రంగు వేద్దామమ్మా. చూడముచ్చటగా ఉంటుంది."

"ఒకే రంగా? అస్సలొద్దు! వాచ్‌మన్‌కి ఖాకీ, డ్రైవర్‌కి తెలుపు, మెకానిక్‌కి నీలం, మేనేజర్‌కి నల్లకోటు. ఒకళ్లని చూస్తే ఇంకొకళ్లు గుర్తు రాకూడదు."

ఇదెక్కడి యూనిఫాం రా బాబూ అనుకున్నాడు దర్జీ. పైకి మాత్రం "అలాగేనమ్మా" అన్నాడు. గుమ్మంలోకొచ్చిన బేరంతో వాదన పెట్టుకునే రకం కాదు మరి.

"బొత్తాలొద్దు, అన్నిటికీ జిప్పులే. ఒక్క ఊపులో ఎక్కాలి, ఒక్క ఊపులో ఊడాలి."

"మంటలార్పే వాళ్లకి కూడా ఇంత తొందర ఉండదమ్మా!"

"మా దగ్గర పని అలాగే ఉంటుంది."

భర్త ఎందుకో పొడిగా దగ్గాడు.

"వాచ్‌మన్ టోపీ కనుబొమల మీదికి దిగాలి."

"పాపం, దారెలా కనబడుతుంది?" అన్నాడు భర్త మెల్లగా.

"తెలిసిన గేటేగా! అయినా మన వాచ్‌మన్ కళ్లు తెరిచేదెప్పుడూ? కుర్చీ కనబడితే చాలు, గురక."

భర్త తల దించుకున్నాడు. అంతలోనే మళ్లీ ఎత్తాడు. "డ్రైవర్‌కి మాత్రం మెడ పట్టేసే కాలర్ వద్దండీ. ఒకటే దురద."

"డ్రైవర్ సుకుమారం నాకు తెలియదా! సరే, కాలర్ వద్దు. మేనేజర్ కోటు వదులుగా కుట్టండి మాస్టారూ. లోపల ఇంకో జత పట్టాలి."

"చలి మనిషా అమ్మా?"

"బద్ధకం మనిషి! మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. మెకానిక్ మాత్రం బంగారం. చెయ్యి పడిందంటే చచ్చిన ఏసీ కూడా లేచి కూర్చోవాల్సిందే."

భర్త మొహం చేటంతయింది.

దర్జీకి ముచ్చటేసింది. స్టాఫుని తిడితే ఈయన ముడుచుకుపోతున్నాడు, పొగిడితే పొంగిపోతున్నాడు. పనివాళ్లని ఇంతలా కడుపులో పెట్టుకునే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు!

"మీ స్టాఫు అదృష్టవంతులు సార్," అన్నాడు ఉండబట్టలేక.

"అదృష్టమేమో గానీ, ఊపిరాడదండీ వాళ్లకి," అన్నాడు భర్త.

ఆవిడ మొదటిసారి నవ్వింది. భర్త చొక్కా భుజం మీద అంటుకున్న దారప్పోగు తీసి పారేసింది.

దర్జీ మెడలో టేపు సర్దుకున్నాడు. "అంతా బాగానే ఉందమ్మా. ఒక్కటే మాట. కొలత తప్పితే కోటు దిండుగలీబులా వేలాడుతుంది, హోటల్ వాళ్లు నవ్వుతారు, మీకు పని పోతుంది, నాకు పరువు పోతుంది. నలుగురినీ రేపు పొద్దున్నే ఇక్కడికి పంపించండి."

"రేపటిదాకా ఎందుకు?"

ఆవిడ భర్త చేతిలో సంచీ అందుకుని, "ఏమండీ, ఇలా వెలుతుర్లోకొచ్చి చేతులు చాపండి, నలుగురి కొలతలూ ఒక్కసారే అయిపోతాయి" అంది.