ట్రేలో తడవని ప్యాకెట్

రొయ్యలకు జబ్బు చేసిందని ఆ రాత్రి చెరువుగలాయన నిషేధించిన మందును మేతలో కలిపాడు. తప్పు చేసేవాడికి శుభ్రత ఎక్కువ. ఖాళీ ప్యాకెట్‌ను పొయ్యిలో కాల్చి బూడిద చేశాడు. చెరువంతా చల్లేముందు, తింటాయో లేదో చూద్దామని గుప్పెడు మేత ట్రేలో పోసి తాడుతో నీళ్లలోకి దించాడు.

గంట తర్వాత పైకి లాగితే మేత ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని మీద ఆ ప్యాకెట్ ఉంది. కాలలేదు సరికదా, తడవను కూడా లేదు.

కరెంటు ఉండగానే, నీళ్లను చిలికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. చెరువు మీద చిన్న చప్పుడు లేదు. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఏరేటర్ల మోత ఆగిందని టార్చి పట్టుకుని పరుగున వచ్చిన భార్య ఆ ప్యాకెట్‌ను చూసి, "ఇది కలిపారా?" అంది.

"పంట పోతే నిలువునా మునిగిపోతామే!"

"మునిగితే మునుగుదాం. మన పిల్లకి పెట్టలేనిది ఇంకొకరి పిల్లకి ఎలా పెడతామండీ? గుంట తవ్వండి."

మందు కలిపిన మేతనంతా చెరువుకు దూరంగా పాతిపెట్టారు. ఆయన మంచి మేత పోసి ట్రేను మళ్లీ దించాడు. ఎవరూ స్విచ్ వేయకుండానే ఏరేటర్లు తిరగసాగాయి.

ట్రే ఇంకా అడుగుకు చేరలేదు. వడ్డించిన కంచాన్ని అందుకున్నట్టు, కింద నుంచి ఎవరో దాన్ని మెల్లగా అందుకున్నారు.