వీర్రాజు భయం

వీర్రాజు విమానంలోంచి దూకితే, అతని భయాన్ని కింద పిండిమరలో కూర్చున్న ముగ్గురు స్నేహితులు మోసేవారు. మణికట్టుకు పట్టీ కట్టుకుంటే చాలు, భయం తలా ఒక పాలు వచ్చేస్తుంది. నాలుగో పాలు దూకినవాడికి మిగులుతుంది. ఊళ్ళో అందరూ చేసే పనే.

ఆ ఆదివారం ఇద్దరు రాలేదు. మూడోవాడు, మర యజమాని పరంధాములు మొహమాటానికి పోయి, వాళ్ళ పాళ్ళతో పాటు వీర్రాజు పాలు కూడా తన పట్టీకే తిప్పుకున్నాడు.

వీర్రాజు దూకాడు. పరంధాములు భయంతో పిండి బస్తాను వాటేసుకున్నాడు.

"పారాచూట్ విప్పరా!" అని పట్టీలోకి అరిచాడు. అందులోంచే వీర్రాజు బదులిచ్చాడు.

"కంగారెందుకెహె! గోదారి ఎంత బావుందో. ఇంకాస్త కిందికెళ్ళి చూస్తా."

వాడికి భయమన్నదే లేదని పరంధాములుకు అప్పుడు తట్టింది. పట్టీ ఊడబీకి, బయటికి పరుగెత్తి ఆకాశం కేసి చూశాడు. కొబ్బరితోటకు కాస్త పైన పారాచూట్ విచ్చుకుంది.

సాయంత్రం వీర్రాజు కుంటుకుంటూ వచ్చాడు.

"భయమంతా ఒక్కసారిగా నా మీద పడేశావేంట్రా! గుండాగిపోయిందనుకో."

"అందుకే విప్పావు."

"వచ్చే వారం కడతావుగా?"

"కట్టను. నీ భయం నువ్వే పడు," అన్నాడు పరంధాములు, మర స్విచ్చి వేస్తూ.