చీలిన తెల్లరాయి

"ఇందాక దాటిన వాగే కదత్తయ్యా ఇది!" టూరిడ్ ఖాళీ బకెట్‌ను విసురుగా కింద పెట్టింది.

"అరవకు. తిన్నగా వెళ్తే మన కాకిపళ్ల చోటు ఊరంతా కనిపెట్టేస్తుంది" అంది బోర్గిల్డ్.

"వెనకాల గొర్రె కూడా లేదు! రేపు మంచు పడితే చలికాలమంతా పిల్లలకు పళ్లరసం ఉండదు. కోడలికి కూడా చెప్పకూడదా?"

ముసలావిడ గొంతు తగ్గించింది.

"చీలిన తెల్లరాయి ఉంటుంది. దాని వెనక పల్లమంతా మన పొదలే పాకి ఉంటాయి. రాయి కనిపిస్తే చెప్పు."

ఇంటంత తెల్లరాయి అత్తగారి ఎదురుగానే ఉంది. పొద్దుటి నుంచి దాని పక్కనుంచే తిరుగుతున్నారు.

టూరిడ్ అత్తగారి కళ్లలోకి చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"ఎవరో వస్తున్నట్టుందత్తయ్యా" అంది మెల్లగా. "నా చెయ్యి పట్టుకోండి. ఈ రాయి చాటుకు పోదాం."