‘కెన్’ వేరు, ‘మే’ వేరు

“ఈ ఆడది రెఫ్యూజ్ చేస్తోంది” అని కెప్టెన్ బూటుకాలితో కుర్చీని తన్నాడు.

గూడూరు మిలిటరీ క్యాంపులో దుబాసీ పని చేస్తున్న దేవదాసు పంతులు బెదరలేదు. మిషన్ బడిలో దొరసాని దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి. ఒక మాట పడాల్సిన చోట ఇంకో మాట పడితే ఆయనకు అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది. మొన్నటికి మొన్న క్యాంపు కోళ్లు పోతే కెప్టెన్ రాబరీ అని గోల చేశాడు. రాబరీ కాదు సార్, థెఫ్ట్ అనాలి, బెదిరించి గుంజుకుంటేనే రాబరీ, చాటుగా ఎత్తుకుపోతే థెఫ్ట్ అని దిద్దేదాకా దేవదాసుకు నిద్ర పట్టలేదు. కోళ్లు ఎటూ దొరకలేదనుకోండి.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. నిజాం దిగిపోయాడు, రజాకార్లు పోయారు, అడవిలో కమ్యూనిస్టు దళాలు మాత్రం తుపాకులు దించలేదు. ఆ దళాల్లో ఒకదాని నాయకుడికి అతని పెళ్లామే బువ్వ మోస్తోందని క్యాంపుకు కబురు అందింది. నాయకుడి పేరేమిటో, మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ పొద్దున అంబలి కుండ నెత్తిన పెట్టుకుని అడవి దారిన పోతున్న వీరమ్మను జవాన్లు పట్టుకొచ్చారు. చేనుకు పోతున్నానని ఆమె చెప్పింది. మొగుడు బొంబాయికి కూలికి పోయాడంది. అతని పేరు చెప్పమంటే మాత్రం తల దించుకుంది. కెప్టెన్ గద్దించిన కొద్దీ ఇంకా దించుకుంది.

దేవదాసు గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. రెఫ్యూజ్ అంటే చెప్పనని మొండికేయడం. డినై అంటే ఉన్నదాన్ని లేదని బుకాయించడం. ఈమె ఆ రెండూ చేయడం లేదు. “షీ కెన్, సర్. బట్ షీ మే నాట్” అన్నాడు. నోరుంది కాబట్టి కెన్. కట్టుబాటు ఒప్పుకోదు కాబట్టి మే నాట్. ఈ పక్క ఆడవాళ్లు మెడ మీద కత్తి పెట్టినా మొగుడి పేరు పలకరు, పలికితే అతని ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ల భయం అని వివరించాడు.

కెప్టెన్ దొరల బళ్లో పెరిగినవాడు. ఆయన్ని ఇంట్లో భార్య కూడా పేరు పెట్టే పిలుస్తుంది. ఈ సంగతి ఆయనకు కొత్తగా, మహా పసందుగా తోచింది. కెన్ వేరు, మే వేరు అని తనలో తాను అనుకుని, చిన్నగా నవ్వి, అడవిలో దొరికిన ఇంకో మనిషిని కూడా తీసుకురమ్మన్నాడు.

దేవదాసు పాఠం చెప్పానని పొంగిపోయాడు గానీ, ఉచ్చు పేని చేతికిచ్చానని అప్పుడు అర్థమైంది.

ఆ మనిషిని రెక్కలు విరిచి కట్టి తెచ్చారు. పేరు రాజలింగమనీ, ఊరు ఘనపూర్ అనీ, కట్టెలు కొట్టుకుని బతుకుతాననీ అతను పొద్దుటి నుంచి చెబుతున్నదే మళ్లీ చెప్పాడు. ఈమె ఎవరో తనకు తెలియదన్నాడు. వీరమ్మ కూడా అతన్ని ఎన్నడూ చూడలేదంది. కెప్టెన్ ఆ మాటలు చెవిన పెట్టలేదు. ఆమె ఇతన్ని పేరు పెట్టి గట్టిగా పిలవాలన్నాడు. పిలిస్తే పరాయివాడు, ఇద్దరూ ఇంటికి పోవచ్చు. నోరు పెగలకపోతే మొగుడు. మొగుడైతే నాయకుడే, వాడు మళ్లీ ఇల్లు చూసేది లేదు.

తెలుగులోకి తిప్పి చెప్పేటప్పుడు మాట మార్చేద్దామా అనుకున్నాడు దేవదాసు. కానీ గుమ్మంలో నిలబడ్డ జవాను గుంటూరు వైపువాడు, తెలుగు తెలిసినవాడు. చేసేది లేక ఉన్నదున్నట్టు చెప్పాడు.

“ఈయన పేరు రాజలింగమట. పేరు వెట్టి పిలువుమంటున్నడు దొర. పిలిస్తె ఇద్దర్ని ఇడిచిపెడ్తడట, బిడ్డా.”

వీరమ్మ తలెత్తింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. దేవదాసు కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకున్నాడు.

“ఓ రాజలింగం” అంది వీరమ్మ. గొంతు వణకలేదు. “ఇంటున్నవా రాజలింగం? నువ్వు అడివిల దొరికితె నాకెందుకయ్యా గీ పరేషాన్? ఆడ నా చేను పసులపాలైతున్నది.”

కెప్టెన్ పగలబడి నవ్వాడు. కట్లు విప్పమన్నాడు. దేవదాసు వీపు తట్టి, నీ ‘కెన్’నూ ‘మే’యూ ఒక అమాయకుణ్ని కాపాడాయని మెచ్చుకున్నాడు. దేవదాసుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తన ఇంగ్లీషు మీద గౌరవం ఇంకాస్త పెరిగింది కూడా.

మధ్యాహ్నం సైకిలు మీద ఇంటికి పోతూ వాగు దగ్గర టక్కున ఆగాడు. మోదుగు చెట్ల చాటున ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. వీరమ్మ కొంగు తడిపి అతని వీపు మీది వాతలు తుడుస్తూ ఏడుస్తోంది. పరాయి ఆడది అలా తుడవదు, అలా ఏడవదు.

దేవదాసును చూసి అతను లేవబోయాడు. దేవదాసు రెండు చేతులూ ఎత్తి, ఈ సంగతి తనతోనే మట్టిలో కలుస్తుందని ఒట్టు వేశాడు. తర్వాత వీరమ్మ వైపు తిరిగాడు.

“నా మూలంగనే గింత పనాయె. కట్టుబాటు ఇడిచి, గంతమందిల మొగని పేరు నోటికి తెచ్చుకుంటివి. మాఫ్ చెయ్యి బిడ్డా” అన్నాడు.

వీరమ్మ కళ్లు తుడుచుకుని ఆయన వంక వింతగా చూసింది.

“నేనెప్పుడు తెచ్చుకున్న పంతులూ? రాజలింగం ఈయన పేరు గాదు.”