ఆఖరి తనిఖీ

"ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చుకుంటే పోతుంది కదా బావగారూ. సెలవు రోజున అక్క మాత్రం పొయ్యి దగ్గర ఎందుకు నిలబడాలి?" అంది మరదలు.

"కుదరదు," అన్నాడు ఫోర్‌మన్.

రిటైరై రెండేళ్ళయినా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఫ్యాక్టరీలో ఆయన చెయ్యి పడకుండా ఒక్క యంత్రం కూడా గేటు దాటేది కాదు. ఇంటిపట్టున ఉండిపోయిన కొత్తలో, ఎదురింటివాళ్ళు కారు వంకరగా పెట్టారని కిటికీలోంచి సణుగుతూ పొద్దుపుచ్చేవాడు. ఈ సెలవుకి చుట్టాల్నీ ఫ్యాక్టరీ మిత్రుల్నీ పిలిచి హాయిగా గడపాలన్న ఆలోచన ఆయనదే. పెరట్లో కుర్చీలు, చాపలు, పేకముక్కలు. ఎవరికీ ఏ పనీ ఉండకూడదు.

"పోనీ, పొద్దున్నే వచ్చి వంటలో సాయం చేస్తాను."

"నువ్వు పేకాటలో సాయం చెయ్యి. వంటింట్లోకి ఎవరూ రాకూడదు."

"అక్కకి లేని పట్టింపు మీకెందుకు?"

"ఆయన మాటే కానివ్వవే," అంది ఆయన భార్య, బఠాణీలు వలుస్తూ.

ఫోర్‌మన్ దగ్గర కారణం ఉంది, కానీ పైకి చెప్పుకునేది కాదు. ఆయన రిటైరైన ఏడే ఆవిడకి పెద్ద జ్వరం వచ్చింది. తగ్గి, మళ్ళీ వంట మొదలుపెట్టిన రోజు, ఆయన ఆకలికి ఆగలేక గిన్నెలోంచి ఓ చెంచాడు రుచి చూస్తే ఉప్పే లేదు. గుట్టుచప్పుడు కాకుండా తనే వేశాడు. మర్నాడూ అంతే. జ్వరం ఆవిడ నాలుకని పాడుచేసిందని ఆయనకి అర్థమైపోయింది. ఆవిడ చేతి వంటంటే చుట్టాలందరిలో పేరు. ఆ పేరు పోతుందన్న ఊహే ఆయనకి మింగుడుపడలేదు. అందుకని ఆవిడ కూర దించి అటు వెళ్ళగానే, రోజూ ఆయనే ఉప్పు వేస్తున్నాడు. ఆవిడకి కూడా తెలియనివ్వలేదు. ఇప్పుడు ఇంతమందిలో ఎవరైనా ముందే రుచి చూశారంటే ఆవిడ పరువు పోయినట్టే.

సెలవు రోజున వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాత మిత్రుడు వెల్డర్ మంచినీళ్ళకి వస్తే, తనే గ్లాసు నింపి పెరట్లోకి సాగనంపాడు. తిరిగొచ్చేసరికి మరదలు లోపల కత్తి వెతుకుతోంది. కత్తి చేతిలో పెట్టి బయటికి పంపేశాడు.

"ఏవండీ, అన్నీ దించేశాను. నేను బట్టలు మార్చుకొస్తాను. మూతలు తీయకండి," అని చెప్పి భార్య గదిలోకి వెళ్ళింది.

ఫోర్‌మన్ తలుపు వేశాడు. ఇద్దరి కూరైతే వేళ్ళకే లెక్క తెలుసు. ఈ పెద్ద గిన్నెలు కొత్త. తక్కువైతే మళ్ళీ వేయొచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేడు. వేసి, కలిపి, కాసేపు ఆగి, రుచి చూసి, మరో చిటికెడు వేశాడు. అన్ని గిన్నెలూ ముగించి తలుపు తీస్తే ఎదురుగా మరదలు.

"తలుపెందుకు వేశారు?"

"పిల్లి."

"మీ ఇంట్లో పిల్లి లేదుగా?"

"అందుకే, రాకుండా వేశాను."

పెరట్లో చాపల మీద అందరూ భోజనాలకి కూర్చున్నారు. వెల్డర్ మూడోసారి కూర వడ్డించుకుని తలెత్తాడు.

"వదినా, ఈ చేతికి బంగారు కంకణం తొడగాలి. ఇలాంటి వంట తిని ఎన్నాళ్ళైందో."

"నాదేముంది," అంది ఆవిడ.

ఫోర్‌మన్ ఛాతీ ఉప్పొంగింది. ఫ్యాక్టరీలో ఉత్తమ కార్మికుడని దండ వేసిన రోజున కూడా ఆయనకింత గర్వం కలగలేదు. ఆవిడ పేరు నిలబడింది. నిలబెట్టింది తనేనని ఎవరికీ తెలియకపోవడం ఇంకా బాగుంది.

భోజనాలయ్యాక గిన్నెలు తోముతూ మరదలు గొంతు తగ్గించింది.

"అక్కా, ఏమనుకోకు. పొద్దున బావగారు చూడకుండా కూర రుచి చూశాను. ఉప్పు లేదు. ఆ జ్వరానికి నీ నాలుక గాని దెబ్బతిందా?"

"నా నాలుకకేం, నిక్షేపంలా ఉంది."

"మరి?"

పెరట్లోంచి ఫోర్‌మన్ నవ్వు వినిపిస్తోంది. ఆవిడ చేతిలో గిన్నె పక్కన పెట్టి ఒక్క క్షణం అటే విన్నది.

"జ్వరం తగ్గిన రోజు నీరసంలో ఉప్పు మర్చిపోయాను. ఆయన దొంగచాటుగా వేస్తుంటే తలుపు సందులోంచి చూశాను. రిటైరయ్యాక ఆ మొహంలో కళ చూడటం అదే మొదలు."

"అయితే?"

"ఆ మర్నాటి నుంచీ ఉప్పు వేయడం మానేశాను."